ఏడుస్తున్న తల్లి, ఏడవని కొడుకు: ఒకే ఇంట్లో దుఃఖం, డిప్రెషన్

ఈ కేసు పల్నాడు జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి వచ్చిన కుటుంబానిది. తల్లికి 58 ఏళ్ళు, కొడుక్కి 34. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, జబ్బుకు సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

మానసిక వైద్యుడిగా నా దగ్గరికి వచ్చే కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఇది మామూలు బాధేనా, డిప్రెషనా? ఏడుపును బట్టి చెప్పొచ్చని చాలామంది అనుకుంటారు. బాధకు సరైన కారణం ఉంటే డిప్రెషన్ కాదని, కారణం లేకుండా వస్తేనే డిప్రెషన్ అని ఇంకొంతమంది అనుకుంటారు. ఈ రెండు నమ్మకాల వల్లా వైద్యం అవసరమైనవాళ్ళు వెనకబడిపోతున్నారు, అవసరం లేనివాళ్ళు మాత్రలు మింగుతున్నారు. ఈ ఇంట్లో ఆ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి.

వచ్చిన కారణం

ఫిబ్రవరి చివరి వారంలో కొడుకు, కోడలు కలిసి తల్లిని తీసుకొచ్చారు. ఓపీ చీటీ మీద ఉన్నది తల్లి పేరే. విషయమంతా కొడుకే చెప్పాడు. "అమ్మకి డిప్రెషన్ సార్. నాన్న పోయి ఏడు వారాలైంది. పలకరింపుకి ఎవరొచ్చినా ఏడుపే. మాత్ర లేకపోతే రాత్రిళ్ళు నిద్ర లేదు. నాన్న పిలిచినట్టు వినపడతందంట. మాకు భయంగా ఉంది."

తండ్రి జనవరి మొదటి వారంలో తెల్లవారుజామున గుండెపోటుతో పోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. పెద్దకర్మ అయ్యాక కూడా ఆమె అన్నం సరిగ్గా తినడం లేదని ఊళ్ళో ఆర్‌ఎంపీ రెండు సెలైన్లు ఎక్కించి, రాత్రిపూట వేసుకోమని ఆల్‌ప్రజోలమ్ మాత్రలు ఇచ్చాడు. అప్పటికి నెల రోజులకు పైగా అవే వేసుకుంటోంది. వాటితో నిద్ర పడుతోంది గానీ పగలంతా మత్తుగా ఉండి, ఒకసారి బాత్రూమ్‌లో తూలి పడబోయింది. ఆ మత్తును కూడా ఇంట్లోవాళ్ళు డిప్రెషన్ లెక్కలోనే వేశారు.

తల్లితో మాట్లాడినప్పుడు

ఆమెతో విడిగా మాట్లాడాను. కూర్చోగానే ఏడ్చింది. ఆపమని నేను చెప్పలేదు. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుని తనంతట తానే చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే గేటు చప్పుడైతే ఆయనే పాలు పోసొచ్చాడేమో అనిపిస్తది డాక్టరు గారూ. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఒకటి రెండుసార్లు పేరు పెట్టి పిలిచినట్టే వినపడింది. నాకేమన్నా పిచ్చి పడతందా?"

ఇది పిచ్చి కాదు. ముప్పై నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి పోయాక అడుగుల చప్పుడు వినబడటం, పిలిచినట్టు అనిపించడం, గుంపులో కనబడినట్టు తోచడం చాలామందికి జరుగుతుంది. అది నిజం కాదని వెంటనే తెలిసిపోతుంటే, ఆ గొంతు తిట్టడం గానీ ఏదైనా చేయమని ఆజ్ఞాపించడం గానీ లేకపోతే భయపడాల్సింది లేదు. ఆ మాట చెప్పగానే ఆమె ముఖంలో ఎంత ఊరట కనిపించిందంటే, ఏడు వారాలుగా ఆ భయాన్ని ఒంటరిగా మోస్తోందని అర్థమైంది. ఇంట్లో ఎవరూ ఆమెను దాని గురించి నెమ్మదిగా కూర్చోబెట్టి అడగలేదు.

రోజు ఎలా గడుస్తోందో అడిగాను. పొద్దున లేవగానే బరువుగా ఉంటుందట. గేదె దగ్గరికి వెళ్ళి పాలు పితికి, మనవరాలికి జడ వేసేటప్పటికి కొంచెం తేలికవుతుందట. మధ్యాహ్నం ఆయన కంచం చూస్తే మళ్ళీ ఏడుపు. సాయంత్రం చెల్లెలు వస్తే ఇద్దరూ పాత సంగతులు చెప్పుకుంటారు. టీలో చక్కెర గురించి ఆయనతో రోజూ పడే గొడవ చెబుతూ నా ముందే నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను వెతుకుతున్నది ఆ మార్పు కోసమే. బాధ ఎంత పెద్దదని కాదు, అది కదులుతోందా లేదా అని చూస్తాను. ఈమె బాధ గుర్తొచ్చిన వస్తువును బట్టి, ఎదురైన మనిషిని బట్టి పెరుగుతోంది, తగ్గుతోంది. మధ్యలో మనవరాలి మాటకు నవ్వు వస్తోంది. చెల్లెలు వస్తే ఓదార్పు అందుతోంది. తన మీద తనకు చిన్నచూపు లేదు. "ఆయన్ని బాగా చూసుకున్నా, ఆ తృప్తి ఉంది" అంది.

"ఆయనతో పాటు నన్ను కూడా తీసుకుపోతే బాగుండేది" అని కూడా అంది. మన ఇళ్ళలో భర్త పోయిన ప్రతి ఆడమనిషి నోటా ఈ మాట వస్తుందని కొట్టిపారేయకూడదు. విడమరిచి అడగాలి. "ఎప్పుడైనా ప్రాణం తీసుకోవాలని అనిపించిందా అమ్మా?" అని నేరుగానే అడిగాను. "ఛ, అదేం మాట బాబూ. మనవరాలి పెళ్ళి చూడాల్సినదాన్ని" అంది. పోయిన మనిషి దగ్గరికి వెళ్ళాలనిపించడం వేరు, తాను బతకడానికి అర్హురాలిని కాననుకోవడం వేరు. రెండోది ఆమెలో లేదు.

డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి తెలుగులో కూడా ఉంది. 9 ప్రశ్నలకు గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో చెప్పాలి. ఒక్కో దానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. ఆమెకు 9 వచ్చింది. నిద్ర, ఆకలి, నీరసం దగ్గరే ఆ మార్కులు ఎక్కువగా వచ్చాయి. కొత్తగా భర్త పోయిన ఎవరికైనా ఇంతమాత్రం రావచ్చు. ఈ ప్రశ్నావళి అనుమానించడానికి పనికొస్తుంది, నిర్ధారించడానికి దాని మీదే ఆధారపడకూడదు. ఆన్‌లైన్‌లో అది నింపుకుని తమకు జబ్బుందని తేల్చేసుకున్నవాళ్ళు, లేదని తేల్చేసుకున్నవాళ్ళు ఇద్దరూ నా దగ్గరికి వస్తుంటారు.

కొడుకు

తల్లి మాట్లాడుతున్నంతసేపూ బయట కూర్చున్న కొడుకును లోపలికి పిలిచి, ఆమెకు డిప్రెషన్ లేదని చెప్పాను. కోడలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కొడుకు ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. తాను భయపడుతున్న విషయం అబద్ధమని తేలినప్పుడు ఏ మనిషిలోనైనా ఒక కదలిక ఉంటుంది. ఇక్కడ అది కనబడలేదు. చేతిలో ఫోన్ మూడుసార్లు మోగింది. ఎవరని కూడా చూడకుండా సైలెంట్‌లో పెట్టాడు. బెల్టుకు కొత్తగా పొడిచిన చిల్లు కనిపించింది. మాట నెమ్మదిగా, ఒక్కో పదానికీ వెతుక్కుంటున్నట్టు వస్తోంది.

"మీరెలా ఉన్నారు?" అని అడిగాను.

"నాకేముంది సార్. బానే ఉన్నా. అమ్మ సంగతే."

కోడలు అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "ఈయన నాయన పోయినరోజు కూడా ఏడవలేదు సార్" అంది. ఊళ్ళో అందరూ దాన్ని గుండె నిబ్బరం అనుకున్నారట. పెద్దకొడుకు కదా, తలకొరివి పెట్టి, అన్నీ దగ్గరుండి చూసుకున్నాడని మెచ్చుకున్నారట.

అతను ఒప్పుకున్నాక విడిగా మాట్లాడాను. అతనికి ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఆ వ్యాపారం అరువు మీద నడుస్తుంది. జూన్‌లో విత్తనం దగ్గర్నుంచి మందుల దాకా రైతులకు అరువిచ్చి, పత్తి, మిరప చేతికొచ్చాక వసూలు చేసుకోవాలి. 2021లో మిరపకు నల్ల తామరపురుగు పట్టి పంటలు పోయాయి. అప్పుడు ఇచ్చిన అరువులు చాలావరకు ఇప్పటికీ రాలేదు. డీలర్లకు మాత్రం కట్టాల్సింది కట్టాలి. వడ్డీకి తెచ్చి కట్టుకుంటూ వచ్చాడు.

ఎప్పటి నుంచి బాగోలేదని అడిగితే "నాన్న పోయినకాడ్నుంచి" అన్నాడు. ఆ జవాబుతో ఆగి ఉంటే చికిత్స దారి తప్పేది. ఇల్లంతా జరిగిన చావు చుట్టూ తిరుగుతున్నప్పుడు ప్రతి లక్షణమూ ఆ చావుకే అంటుకుంటుంది. అందుకే నేను తేదీల్ని అడగను, పండగల్ని, పంటల్ని అడుగుతాను. దీపావళికి ఎలా ఉన్నారు? పత్తి మొదటి తీత అప్పుడు షాపులో ఎన్నింటిదాకా కూర్చునేవారు? అలా వెనక్కి వెళ్తే బయటపడింది. నవంబర్ మధ్య నుంచే తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వచ్చేస్తోంది. ఆపైన నిద్ర పట్టదు. కడుపులో మంట అని డిసెంబర్‌లో ఎండోస్కోపీ చేయించుకున్నాడు, అంతా మామూలుగానే ఉంది. గుండె దడ అని ఈసీజీ తీయించుకున్నాడు, అదీ మామూలే. నరాల బలహీనత అని ఎవరో విటమిన్ ఇంజక్షన్లు చేశారు. నిద్ర కోసం రాత్రికి ఒక క్వార్టర్ తాగడం మొదలుపెట్టాడు. అంటే తండ్రి పోవడానికి ఆరేడు వారాల ముందే ఇది మొదలైంది.

మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. మూడు నెలల్లో 7 కిలోలు తగ్గాడు. శీతాకాలం మొత్తం వాలీబాల్ గ్రౌండ్ వైపు వెళ్ళలేదు, అంతకుముందు ఒక్క సాయంత్రం కూడా మానేవాడు కాదు. కూతురు ఒళ్ళో కూర్చుంటే కూడా ఏమీ అనిపించడం లేదని చెప్పినప్పుడు తలొంచుకున్నాడు. ఖాతా పుస్తకం తెరిస్తే ఒకే వరుస నాలుగుసార్లు చదివినా తలకెక్కడం లేదు. పొద్దున పూట మరీ ఘోరంగా ఉంటోంది, సాయంత్రానికి కొద్దిగా మెరుగు. ఇంకా, "నాన్నని గంట ముందు తీసుకెళ్తే బతికేవాడు. గ్యాస్ నొప్పేలే అని నేనే ఆపాను. షాపూ ముంచాను, నాన్ననీ చంపుకున్నాను. నేను దేనికీ పనికిరాను సార్."

తల్లి మాటల పక్కన ఈ మాటలు పెట్టి చూడండి. ఆమె బాధ ఆయన లేకపోవడం గురించి. అతని బాధ తన గురించి. తండ్రి ఎలాంటివాడో చెప్పమంటే నాలుగు మాటలు కూడా చెప్పలేకపోయాడు. ఆయన గుర్తుకు రావడం కంటే తన తప్పే ఎక్కువగా గుర్తొస్తోంది. మెచ్చుకున్నా, ఓదార్చినా లోపలికి వెళ్ళడం లేదు. ఎవరు వచ్చినా, ఏ వార్త విన్నా ఆ బరువు కదలడం లేదు.

చనిపోవాలన్న ఆలోచనల గురించి అతన్ని కూడా నేరుగానే అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కుటుంబాలు భయపడతాయి. అలా జరగదు. అడిగినందుకు తేలికపడ్డవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను. చాలాసేపు మౌనంగా ఉండి, "రాత్రి షట్టర్ దించేటప్పుడు అనిపిస్తది సార్. ఒకటి రెండుసార్లు లోపలే కాసేపు కూర్చున్నా. పాప గుర్తొచ్చి లేచొచ్చా" అన్నాడు. తండ్రి తరఫు పెద్దనాన్న ఒకాయన చాలా ఏళ్ళ కింద ఆత్మహత్య చేసుకున్నాడని కూడా అప్పుడే చెప్పాడు. ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తరట.

అతని పీహెచ్‌క్యూ-9 స్కోరు 19. ఆ రోజు ఓపీలో రెండో ఫైలు తెరిచాం.

నిర్ధారణ

డిప్రెషన్ అని చెప్పడానికి వైద్యులు చూసే లక్షణాలు 9. రోజులో ఎక్కువసేపు దిగులు, దేని మీదా ఆసక్తి గానీ సంతోషం గానీ లేకపోవడం, ఆకలి లేదా బరువులో మార్పు, నిద్ర మార్పు, కదలికలు మాటలు మందగించడం లేదా నిలవలేనంత అలజడి, నీరసం, పనికిరానివాణ్ణన్న భావన లేదా మితిమీరిన అపరాధ భావం, ఏకాగ్రత తగ్గడం, చావు ఆలోచనలు. వీటిలో కనీసం 5, అందులో మొదటి రెండింటిలో ఒకటైనా, దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు తగ్గకుండా ఉండాలి. వాటి వల్ల పని, ఇల్లు, సంబంధాలు దెబ్బతింటూ ఉండాలి. ఇతనిలో ఎనిమిది స్పష్టంగా ఉన్నాయి. దిగులుగా ఉందా అంటే మాత్రం "దిగులు కాదు సార్, ఏమీ లేదు" అన్నాడు. మగవాళ్ళలో ఇది తరచుగా ఇలాగే ఉంటుంది. బాధ అనరు. కడుపు మంట, నడుం నొప్పి, చిరాకు, తాగుడు, ఇవే చెబుతారు.

దగ్గరివాళ్ళు పోయిన రెండు నెలల లోపు సాధారణంగా డిప్రెషన్ అని పేరు పెట్టకూడదని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాల్లో ఒక నియమం ఉండేది. 2013లో వచ్చిన ఆ ప్రమాణాల కొత్త కూర్పు డీఎస్ఎం-5లో దాన్ని తీసేశారు. మామూలు దుఃఖానికి కూడా జబ్బు పేరు పెట్టేస్తారని అప్పట్లో చాలా వాదన జరిగింది. ఆ భయం అర్థం లేనిది కాదు, ఈ తల్లికి మాత్రలు ఇచ్చిన తీరే అందుకు సాక్ష్యం. కానీ ఇలాంటి కొడుకుల్ని చూసినప్పుడు ఆ నియమం పోవడమే మంచిదయిందని నాకు అనిపిస్తుంది. చావు జరిగిన ఇల్లు కదా, అందుకే అలా ఉన్నాడులే అనుకుంటే ఇతన్ని పోగొట్టుకునేవాళ్ళం.

ఖాయం చేసే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీ12, లివర్ పరీక్షలు చేయించాం. బీ12 కొద్దిగా తక్కువ, మిగతావి బాగున్నాయి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా డిప్రెషన్‌లాంటి లక్షణాలే వస్తాయి కాబట్టి ఇది వదలకూడని పని. గతంలో ఎప్పుడైనా నిద్ర అక్కర్లేకుండా విపరీతమైన ఉత్సాహంతో, చేతికొచ్చినట్టు ఖర్చుపెడుతూ రోజుల తరబడి ఉన్నాడా అని భార్యను అడిగాను. బైపోలార్, అంటే దిగులు, అతి ఉత్సాహం విడతలుగా వచ్చే జబ్బు, ఉన్న మనిషికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు అటు చివరికి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. అలాంటిదేమీ లేదు. తాగుడు డిసెంబర్‌లో, అంటే లక్షణాల తర్వాత మొదలైంది, మానితే చేతులు వణికేంత స్థాయిలో లేదు.

"కారణం ఉంది కదా సార్"

మందు మొదలుపెడదామంటే అతను అడిగిన మాట ఇది. "నాకు అప్పులున్నాయి, నాన్న పోయాడు. బాధ ఉండదా? మందుతో అప్పు తీరదు కదా."

ఈ ప్రశ్నను చులకన చేయకూడదు. చదువుకున్నవాళ్ళు కూడా ఇదే అడుగుతారు, తమను తాము ఇలాగే ఆపుకుంటారు. నేను అతనితో ఇలా చెప్పాను. బండి మీద నుంచి పడి కాలు విరిగితే, ఎందుకు విరిగిందో మనకు తెలుసు. కారణం తెలుసు కదా అని కట్టు కట్టించుకోకుండా ఉండం. డిప్రెషన్ కూడా చాలామందికి కారణం ఉండే వస్తుంది. చావు, అప్పు, ఉద్యోగం పోవడం, కాపురంలో గొడవ. మొదలుపెట్టింది ఆ కారణమే అయినా, ఒక దశ దాటాక నిద్రను, ఆకలిని, ఆలోచనను అది తన చేతిలోకి తీసుకుంటుంది. అప్పుడు ఆ కారణాన్ని ఎదుర్కోవాల్సిన మనిషే ఖాతా పుస్తకం తెరవలేని స్థితిలో ఉంటాడు. అప్పు తీర్చే పని మీదే, ఆ పని చేయగలిగే నిద్ర, తెలివి మీకు తిరిగి రావడానికి మందు. "నవంబర్ నుంచి ఎంతమంది దగ్గర వసూలుకి వెళ్ళారు?" అని అడిగాను. ఎవరి దగ్గరికీ వెళ్ళలేదన్నాడు. జబ్బు వల్ల షాపు ఇంకా మునుగుతోందని అక్కడ అతనికి అర్థమైంది.

తర్వాత మామూలు సందేహాలు వచ్చాయి. ఇవి నిద్రమాత్రలా, అలవాటైపోతాయా, జన్మంతా వాడాలా? కావు, కావు, అక్కర్లేదు. మత్తు కోసం డోసు పెంచుకుంటూ పోవాలనిపించే రకం మందులు కావు ఇవి. కాకపోతే ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, ఒళ్ళు జిల్లుమనడం ఉంటాయి కాబట్టి డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకోవాలి. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు, పూర్తిగా బాగయ్యాక ఇంకో 6 నుంచి 9 నెలలు వాడితే సాధారణంగా సరిపోతుంది.

చికిత్స

అన్నిటికంటే ముందు ప్రాణం. అతనికి చెప్పి, ఒప్పించి, భార్యను లోపలికి పిలిచాను. చావు ఆలోచనల విషయం ఆమె ముందే మాట్లాడాం. అతను పనిచేసే చోటే ప్రమాదం ఉంది కాబట్టి షాపు తాళాలు ఆ సాయంత్రమే బావమరిది చేతికి వెళ్ళాలని, ఆరు వారాలపాటు షాపు బావమరిదే తెరిచి, బావమరిదే మూయాలని నిర్ణయించుకున్నాం. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు కూడా అక్కడి నుంచి తీసేయాలి. మాత్రలు భార్య దగ్గర ఉండాలి, మొదట్లో వారానికి సరిపడా మాత్రమే ఇస్తాను. రాత్రి ఒంటరిగా ఉండకూడదు. ఆలోచన బలంగా వస్తే భార్యను లేపాలి, అర్ధరాత్రయినా 14416కు ఫోన్ చేయాలి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే ఫోన్లతో ఆగకుండా దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకురావాలి. కచ్చితంగా ఇలా చేస్తానని అతను చెప్పలేకపోయి ఉంటే, ఇంట్లో చూసుకునేవాళ్ళు లేకపోయి ఉంటే ఆ రోజే అడ్మిట్ చేసేవాణ్ణి.

డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు వారం రోజులు, తర్వాత 10, పొద్దున టిఫిన్ తిన్నాక. మొదటి వారం వికారం, కాస్త అలజడి ఉండవచ్చని, మనసు తేలికపడటానికి 2 నుంచి 4 వారాలు, బాగా కుదుటపడటానికి 6 నుంచి 8 వారాలు పడుతుందని ముందే చెప్పాను. ఇది చెప్పకపోతే ఐదో రోజున, వికారం మాత్రమే కనబడి గుణం కనబడని రోజున, మందు ఆపేస్తారు. మద్యం అలవాటు ఉంది కాబట్టి నిద్రమాత్రలు రాయలేదు. మద్యం మానేయమన్నాను. బీ12 మాత్రలు ఇచ్చాను.

మా సైకాలజిస్టు వారానికోసారి కూర్చున్నారు. మనసు బాగయ్యాక పనిచేద్దామని ఆగకుండా, చేయగలిగినంత చిన్న పనితో మొదలుపెట్టడం ఆ పద్ధతి. మొదటి వారం పొద్దున భార్యతో సాగర్ కాలువ గట్టు దాకా నడవడం, అంతే. మూడో వారం నుంచి అరగంట ఖాతా పుస్తకం, భార్య పక్కన కూర్చుని చదువుతుంటే అతను రాయడం. తండ్రి చావు విషయంలో అపరాధ భావం మీద ఎక్కువ సమయం పట్టింది. "గ్యాస్ నొప్పిలే అన్నది ఎవరు?" అని అడుగుతూ వెళ్తే, ఆ మాట మొదట అన్నది తండ్రేనని, సోడా తెమ్మని పంపింది కూడా ఆయనేనని తేలింది. ఆ సంగతి అతనికి తెలియక కాదు. జబ్బు తనమీద నేరం మోపుకోవడానికి పనికొచ్చే జ్ఞాపకాలనే ఏరుకుంటుంది.

తల్లికి కొత్త మందేదీ రాయలేదు. "ఇంత దూరం వచ్చి మందు రాయకపోతే ఎట్టా బాబూ" అని ఆమే అడిగింది. ఆల్‌ప్రజోలమ్‌ను నాలుగు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపే లెక్క మాత్రం రాసిచ్చాను. ఇంట్లోవాళ్ళకు చెప్పింది ఏమిటంటే, ఆమె ఏడుస్తుంటే ఊరుకోమనకండి. ఆయన ఫొటో దాచకండి. ఆయన సంగతులు ఎత్తితే మాట మార్చకండి. గేదె పని చేయొద్దని కూర్చోబెట్టకండి. చెల్లెలి ఊరికి వెళ్తానంటే పంపండి. అలాగే జాగ్రత్తపడాల్సిన విషయం కూడా చెప్పాను. కొందరిలో దుఃఖం నెలలు గడిచినా మొదటి వారం ఉన్నంత పదునుగానే ఉండిపోయి, రోజు గడవనివ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 దీన్ని 6 నెలలు దాటాక వేరే సమస్యగా గుర్తిస్తుంది, అమెరికన్ ప్రమాణాలు పెద్దవాళ్ళకు 12 నెలలు అంటాయి. ఆమె విషయంలో నవ్వు పూర్తిగా పోయినా, తిండి మానేసినా, తనను తాను నిందించుకోవడం మొదలైనా నెలలు లెక్కపెట్టకుండా తీసుకురమ్మన్నాను.

తర్వాత జరిగింది

ఐదో రోజు ఫోన్ వచ్చింది, వికారంగా ఉంది, ఆపేస్తానని. భార్య ఆపనివ్వలేదు. మూడో వారం చివర "ఏం మార్పు లేదు సార్" అని అతనన్నాడు. "నిన్న పాప హోమ్‌వర్క్ చూశారు, రెండోసారి అన్నం పెట్టించుకున్నారు" అని భార్య అంది. బాగవడం మొదట పక్కవాళ్ళకే కనబడుతుంది. మనసు బాగుపడకముందే ఒంట్లో ఓపిక వచ్చే ఈ దశలో చావు ఆలోచనల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అందుకే తాళాలు అప్పుడే ఇవ్వొద్దన్నాను. నాలుగో వారానికి స్కోరు 12, ఎనిమిదో వారానికి 6. ఏప్రిల్ మధ్యకల్లా 5 గంటల దాకా నిద్రపోతున్నాడు. చావు ఆలోచనలు లేకుండా వారాలు గడిచాక షాపు తాళాలు తిరిగి తీసుకున్నాడు, మూసే వేళకు బావమరిది తోడుండేలా.

మే నెలలో ఒక డీలరు మనిషి షాపు ముందు నలుగురి ఎదుట గట్టిగా మాట్లాడాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు తినలేదు. హడావిడిగా వచ్చి "మళ్ళీ వచ్చిందా సార్?" అన్నాడు. ఆ సాయంత్రం ఏం చేశారని అడిగాను. వాలీబాల్‌కి వెళ్ళానని, ఆడుతున్నంతసేపు బాగానే ఉందని చెప్పాడు. కోపం ఎవరి మీద? డీలరు మీద. మూడో రోజుకు తగ్గిపోయింది. నవంబర్‌లో ఉన్నదానికీ, ఇప్పుడు వచ్చినదానికీ తేడా చెప్పమంటే తనే చెప్పాడు: "అప్పుడు నేనే పనికిరానని అనిపించేది. ఇప్పుడు ఆయన చేసింది తప్పనిపించింది." అవమానం జరిగితే బాధపడే శక్తి తిరిగి రావడం కూడా కోలుకోవడంలో భాగమే. మందు డోసు మార్చలేదు.

ఆగస్టులో తల్లి నాకు ఫోన్ చేసింది, భయంగా. కొడుకు తండ్రి పాత చొక్కా పట్టుకుని గంటసేపు ఏడ్చాడట, మళ్ళీ జబ్బు తిరగబెట్టిందా అని. రమ్మన్నాను. తండ్రి గురించి ఆ రోజు అతను ఆగకుండా మాట్లాడాడు. మార్కెట్ యార్డుకు తనను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళిన రోజు, పదో తరగతి తప్పినప్పుడు కొట్టకుండా హోటల్‌కి తీసుకెళ్ళి దోసె తినిపించిన రోజు. ఫిబ్రవరిలో నాలుగు మాటలు రాని మనిషి. డిప్రెషన్ ఉన్నంతకాలం అతనికి తండ్రి కోసం ఏడ్చే వీలు కూడా లేకుండా పోయింది. అది తగ్గాక దుఃఖం వచ్చింది, ఏడు నెలలు ఆలస్యంగా. దానికి మందు అక్కర్లేదని, తల్లీకొడుకులు ఇద్దరూ కూర్చుని ఆయన గురించి మాట్లాడుకోమని చెప్పి పంపాను.

తల్లి మాత్రలు మార్చిలోనే ఆగిపోయాయి. పొదుపు సంఘం మీటింగులకు మళ్ళీ వెళ్తోంది. మాసికాల రోజుల్లో ఏడుస్తుంది, మర్నాడు పనిలో పడుతుంది.

సహాయం కోసం

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తోంది. వాళ్ళలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదు. డాక్టర్లు లేకపోవడం ఒక్కటే కాదు దీనికి కారణం. ఇతను నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్నాడు, కడుపుకీ, గుండెకీ, నరాలకీ. "పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాడంటారు" అన్న భయం లేకపోతే మూడు నెలలు ముందే వచ్చేవాడు. తల్లిని అడ్డుపెట్టుకుని వచ్చాడని నేను అనుకోను. తనకు జబ్బుందని అతనికి నిజంగానే తెలియదు.

సూటిగా సైకియాట్రిస్టు దగ్గరికే రావాలని లేదు. మీరు నమ్మే ఫిజీషియన్‌కు "నిద్ర, ఆకలి పోయాయి, దేని మీదా ఇష్టం లేదు, ఇన్ని వారాలైంది" అని అదే మాటల్లో చెప్పండి, కడుపు నొప్పి ఒక్కటే చెప్పకండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. విశాఖపట్నంలో చినవాల్తేరు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ ఆస్పత్రులు డిప్రెషన్‌కు కూడా ఓపీలో చూస్తాయి, వెళ్ళగానే చేర్చుకుంటారన్నది అపోహ. మాటలతో చేసే చికిత్స సైకాలజిస్టులు చేస్తారు, మందులు రాయాల్సింది మాత్రం డాక్టరే. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీసుకొస్తే పోలీసు కేసవుతుందని భయపడి దాచేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది.

ప్రస్తుతం

ఇది రాస్తున్నప్పటికి సంవత్సరీకం అయింది. కొడుకు 10 మిల్లీగ్రాములు వాడుతూనే ఉన్నాడు, స్కోరు 3. బాగయి 9 నెలలు కావొస్తోంది కాబట్టి తగ్గించడం మొదలుపెట్టొచ్చు. కానీ మార్చి దాకా వసూళ్ళ కాలం, పోయినసారి జబ్బు మొదలైంది కూడా ఆ ఒత్తిడిలోనే. అందుకని ఏప్రిల్ వరకు ఆగి, అప్పుడు 5కు తగ్గించి, ఆరేడు వారాలు చూసి ఆపాలని అనుకున్నాం. మాత్ర ఆగాక కూడా మొదటి సంవత్సరం రెండు మూడు నెలలకోసారి వచ్చి కనబడతాడు. తెల్లవారుజామున మెలకువ వరుసగా వారం రోజులు వస్తే, గ్రౌండ్‌కి వెళ్ళడం మానేస్తే, ఫోన్లు ఎత్తకపోతే అతని కోసం ఆగకుండా నాకు చెప్పే బాధ్యత భార్య తీసుకుంది. బావమరిది షాపులో భాగస్వామిగా చేరాడు. 2021 నాటి అరువుల్లో మూడో వంతు వసూలైంది, మిగతావాటికి రైతులతో కూర్చుని వాయిదాలు రాసుకుంటున్నారు.